ఘూసా పైడయ్య డైరీ

దయ్యం పట్టిందని ఎవరైనా వస్తే, ముందు కడుపునిండా గంజి తాగి పడుకోమని చెప్పే మనిషిని నేను. ఇప్పటికీ అదే చెబుతాను. ఫిజీలో కూలీల లైన్లలో ఉన్న రోజుల్లో ఒకసారి చెరకుతోటలో ఏదో మూలుగుతోందని పదిమంది మగాళ్ళు కత్తులు పారేసి పరుగెత్తుకొచ్చారు. నేనొక్కణ్ణే వెళ్ళి చూశాను. రెండు ముంగిసలు కొట్టుకుంటున్నాయి. ఆ పదిమందినీ నెల్లాళ్ళపాటు ఏడిపించాను.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ కాగితం మీద పెట్టలేదు. పెడితే వాళ్ళు నన్ను ఏడిపిస్తారని భయం. ఇప్పుడు ఆ పదిమందిలో మిగిలింది ఇద్దరు. ఇద్దరికీ చెవుడు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నా పేరు అప్పలస్వామి. అయిదేళ్ళు ఫిజీ చెరకుతోటల్లో పనిచేస్తానని రాసిచ్చే కాగితాన్ని మావాళ్ళు గిర్మిట్ అనేవారు. మద్రాసు డిపోలో ఆ కాగితం మీద అందరూ బొటనవేలి ముద్ర వేస్తే నేను సంతకం పెట్టాను. ఊళ్ళో వీధిబడిలో నాలుగేళ్ళు చదివాను మరి! మా ఓడ మొత్తం మీద తెలుగులో సంతకం పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫిజీలో మా తోటలున్న లంబాస వచ్చాక ఈ మాట రోజుకొకసారైనా ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేది కాదు. లైన్లలో ఎవరికి ఉత్తరం రాయాలన్నా, వచ్చిన ఉత్తరం చదివించుకోవాలన్నా నా గుమ్మం ముందు కూర్చోవలసిందే.

రానివాడు ఒక్కడే. పక్కగది పైడయ్య.

లైన్లంటే రేకు కప్పిన పొడుగాటి కొట్టాలు. ఒక్కో కొట్టంలో వరసగా చిన్న చిన్న గదులు. గోడలు పైకప్పు దాకా ఉండవు కాబట్టి పక్కగదిలో తుమ్మితే ఈ గదిలోవాళ్ళు చిరంజీవ అనాలి. పైడయ్య నాకంటే రెండేళ్ళ ముందు వేరే ఓడలో వచ్చాడు. ఆ ఓడవాళ్ళందరినీ తలో దీవికీ పంచేశారు. మా లైన్లకి వచ్చింది పైడయ్య, నాగమ్మ ఇద్దరే. వచ్చిన ఏడాదికి పెళ్ళి చేసుకున్నారు. నేను అతన్ని అన్నా అనేవాణ్ణి, ఆమెను వదినా అనేవాణ్ణి.

పైడయ్య పెద్ద పొడగరేం కాదు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. కానీ గుద్దితే మనిషి లేవడం ఉండదు. హిందీవాళ్ళు గుద్దుని ఘూసా అంటారు. అందుకని లంబాస అంతా అతన్ని ఘూసా పైడయ్య అనేది. ఆదివారం మధ్యాహ్నం మిల్లు మైదానంలో పోటీ ఉందంటే మైళ్ళ దూరం నుంచి జనం నడిచొచ్చేవారు. ఆ ఒక్కరోజు మేం కూలీలమన్న సంగతి మర్చిపోయేవాళ్ళం. మావాడు గెలుస్తుంటే అరిచి అరిచి సోమవారం ఎవరికీ గొంతు ఉండేది కాదు.

ఒకసారి చక్కెర ఎత్తుకెళ్ళడానికి వచ్చిన ఓడలో ఒక ఎర్రజుట్టు నావికుడు దిగాడు. సిడ్నీలో పేరున్న బాక్సరట. మా పైడయ్య వాణ్ణి మూడో రౌండులో నేలమీద కూర్చోబెట్టాడు. వాడు మంచివాడు. లేచి చెయ్యి కలిపి, మర్నాడు తన పెట్టెలోంచి ఎర్ర అట్ట వేసిన కొత్త పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ప్రతి పోటీ గురించీ ఇందులో రాసుకో, మా దగ్గర బాక్సర్లు డైరీ రాస్తారు అని సైగలు చేసి చెప్పాడు.

అప్పటి నుంచి పోటీ అయిన ప్రతి ఆదివారం సాయంత్రం పైడయ్య గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పుస్తకం ఒళ్ళో ఉండేది. మాకు వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. పక్కనుంచి చూస్తే పెదవులు మాత్రం కదులుతుండేవి. అరగంట తర్వాత లేచి పుస్తకం గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో పెట్టేసేవాడు. మర్నాడు చెరకు కొట్టడానికి వచ్చినప్పుడు అతని కుడి బొటనవేలు నల్లగా ఉండేది. సిరా అంటించుకోకుండా రాయడం కూడా రాదు వీడికి అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు. లైన్లలో నేను కాకుండా ఇంకొకడు రాయగలడా!

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఎవరైనా పైడయ్య ముందు, "నువ్వు ఒక్కసారి కూడా ఓడిపోలేదు కదన్నా" అంటే, పొయ్యి దగ్గర కూర్చున్న నాగమ్మ వదిన గట్టిగా దగ్గేది. "ఊరుకోయే" అని పైడయ్య లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఏమిటా దగ్గు అని మేం అడగని రోజు లేదు. ఇద్దరూ నవ్వేవారే గానీ చెప్పేవారు కాదు.

ఓ వానాకాలం జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పైడయ్య పోయాడు.

వదిన ఏడ్చింది తక్కువ. కానీ చుట్ట మానేసింది. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆమె అలా చుట్ట కొరికి పట్టుకుని కబుర్లు చెబుతుంటే పదిగదుల అవతల దాకా నవ్వులు వినిపించేవి. మూడు నెలలపాటు మా కొట్టంలో ఆ నవ్వు లేదు. ఆమె మీద ఎంత ప్రేమ ఉందో నాకప్పుడే తెలిసింది.

అప్పుడు రాజధాని సువా నుంచి ఒక దొర దిగాడు. మా కులంబర్‌కి, అంటే మా తోట మీద అజమాయిషీ చేసే తెల్లదొరకి, స్నేహితుడు. ఈయనకి బాక్సర్ల వస్తువులు పోగేసే పిచ్చి. ఎవరిదో గ్లవ్స్, ఎవరిదో బెల్టు, ఒక ఛాంపియన్‌ది చిరిగిన బూటు కూడా అద్దాల బీరువాలో పెట్టుకున్నాడట. చిరిగిన బూటు దాచుకునే మనిషికి ఏమని చెబుతాం! ఎర్రజుట్టు నావికుడు ఆయనకి మా పైడయ్య గురించీ, తానిచ్చిన డైరీ గురించీ చెప్పాడు. ఒక గిర్మిట్ కూలీ తన చేత్తో రాసుకున్న బాక్సింగ్ డైరీ లోకంలో ఇంకెక్కడా ఉండదు, అది నా బీరువాలో ఉండాలి అన్నాడు దొర.

కులంబర్ వచ్చి నాగమ్మ వదినతో, ఆదివారం దొరకి ఆ పుస్తకం ఇచ్చెయ్యి అన్నాడు. అడగడం కాదు, హుకుం. కులంబర్ మాటకి కాదనడం అప్పట్లో లేదు.

వదిన నా గుమ్మం ముందు కూర్చుంది. ఎప్పుడూ ఉత్తరం కోసం రాని మనిషి.

"ఇచ్చీక తప్పదేటి మరిదీ? ఆడిది నాకాడ మిగిలింది అదొక్కటే. అందులో ఆడు ఏటి రాసుకున్నాడో నానొక్కపాలైనా ఇనకండానే ఎల్లిపోద్దేటి?"

పెద్దమనిషి తరహాలో, "నేనున్నాను కదా వదినా" అన్నాను. కులంబర్ దగ్గరకు వెళ్ళి, డైరీలో ఏముందో తెలియకుండా దొరగారు ఏం చేసుకుంటారు, ముందు నేను అందరి ముందూ చదివి హిందీలో చెబుతాను, మీరు ఇంగ్లీషులో చెప్పండి అన్నాను. దొర సంబరపడిపోయాడు. పుస్తకం దక్కించుకునే దారి నాకు తోచలేదు. వినిపించే దారి మాత్రం దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం. ఎండ బాగా ఉంది. లైన్లవాళ్ళంతా మా కొట్టం ముందే ఉన్నారు. దొరకి, కులంబర్‌కి కుర్చీలు వేశారు. పైడయ్యతో పోటీ పడిన తెవిత కూడా పక్క ఫిజీ ఊరి నుంచి వచ్చి నేలమీద కూర్చున్నాడు. వదిన పుస్తకం తెచ్చింది. అట్ట నాలుగు మూలలా పసుపు రాసింది. ఆమె చేతుల్లోంచి నేరుగా నా చేతుల్లోకి వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తెరిచాను. చక్కని గుండ్రటి అక్షరాలు, నల్లగా, వరస తప్పకుండా ఉన్నాయి. నా అక్షరాలకంటే బాగున్నాయి. నాకు మళ్ళీ కడుపుమంట. సరే, చదవడం మొదలుపెట్టాను.

"నిన్న ఎర్రజుట్టోడితో. నా సేతులకి దూదిసంచులు కట్టినారు. దూదిసంచులతో కొడితే ఎవులికి తగుల్తాదని నవ్వొచ్చినాది. ఆడు నాకొకటిచ్చినాడు. నవ్వాగిపోనాది."

జనం గొల్లుమన్నారు. నేను మామూలుగా చేతులు అని పలికేవాణ్ణి, బడిలో చదివినవాణ్ణి కదా. ఆ రోజు నా నోట సేతులు అనే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదవాలి కాబట్టి అలా చదువుతున్నాననుకున్నాను.

"తరవాత కనిపెట్టినాను. గుద్దు రాకముందు ఆడి ఎడం బుజం కూసింత ముందుకొస్తాది. బుజం సెప్పీసినాక ఇంక దాపరికమేటి? మూడోపాలి బుజం కదలగానే నాను వంగినాను. ఆడు కూకున్నాడు."

ఇది కులంబర్ ఇంగ్లీషులో చెప్పగానే దొర కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాక మెల్లగా కూర్చున్నాడు.

పేజీ తిప్పాను. "తెవితతో. ఆడూ పడనేదు, నానూ పడనేదు. సాయంత్రం ఆడి ఊళ్ళో యంగోనా తాగినాం. అప్పుడు ఇద్దరం పడ్డాం." యంగోనా అంటే ఫిజీవాళ్ళు వేరు దంచి నీళ్ళలో కలిపి తాగేది. రెండు చిప్పలు ఎక్కువైతే కాళ్ళు మన మాట వినవు. హిందీలో చెప్పగానే తెవిత తొడ చరుచుకుని పడీపడీ నవ్వాడు.

అలా పోటీ వెంట పోటీ. జనం మళ్ళీ మిల్లు మైదానంలో ఉన్నట్టు అరుస్తున్నారు. అంతా నా చదువు గొప్పే అనుకుని నేను మెడ సాగదీసి చదువుతున్నాను. ఒక పేజీలో ఇలా వచ్చింది.

"అప్పలసామి మొన్న నా బొటనేలు సూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. నవ్వుకోనీ. ఆడికి సంతకముంది, నాకు గుద్దుంది."

చదివేశాక గానీ నాకు తెలియలేదు. చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పైకి నవ్వను కూడా లేదు. కానీ జనం కేకల్లో ఆలోచించే తీరిక ఎక్కడిది?

చివరి పేజీకి వచ్చాను. వదిన మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని నా నోరే చూస్తోంది. ఇది అయిపోతే పుస్తకం దొరది. మెల్లగా చదివాను.

"ఇది ఆకరికి సెప్తన్నాను. నాను ఓడిపోయింది ఒక్కపాలే. ఓడలో, అన్నం వరసలో. ఆకలికి ఆగనేక రెండోపాలి తోసుకెల్లినాను. ఎనకాల ఒక గుంటపిల్ల ఉంది. రేకుపళ్ళెంతో నా సెవికింద ఒక్కటిచ్చింది. పడిపోనాను. ఓడ ఊగింది, అందుకే పడ్డానని అందరికీ సెప్పినాను. దానికీ అదే సెప్పినాను ఇన్నేళ్ళూ. ఓడ ఊగనేదు."

వదిన నోట్లోంచి ఒక కేక వచ్చింది.

"ఓలమ్మా! ఒప్పుకున్నాడర్రా! ఊగనేదు, ఊగనేదని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సముద్రం పళ్ళెంలో నీల్లనాగ ఉంది ఆ రోజు. సచ్చీదాకా ఊగిందే అన్నాడు, సూడు!"

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ నవ్వింది. మూడు నెలల నవ్వంతా ఒక్కసారే వచ్చింది. ఆ దగ్గు ఎందుకో అప్పటికి తెలిసిన జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ముసలివాళ్ళు కూడా లేచి గంతులేశారు. నా గిర్మిట్ అయిదేళ్ళలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు.

ఆ గోలలోనే దొర నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. తెరిచాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు, మొదటి నుంచి చివరిదాకా గబగబా తిప్పాడు. కులంబర్‌కి చూపించాడు. కులంబర్ నా వైపు తిరిగి, "ఇందులో రాత ఎక్కడుందిరా?" అన్నాడు.

నేను వంగి చూశాను. ఒక్క అక్షరం లేదు.

అన్నీ వేలిముద్రలు. పేజీకి ఒకటి చొప్పున, మసితో వేసిన బొటనవేలి ముద్రలు. అవే పేజీలు, అదే ఎర్ర అట్ట, మూలల్లో అదే పసుపు. పుస్తకం నా చేతిలోంచి దొర చేతికి వెళ్ళడం తప్ప ఎక్కడికీ పోలేదు. పక్కనున్న కర్ర పట్టుకుని నిలబడ్డాను.

"ఇది డైరీ కాదు. ఈ మనిషి కట్టుకథలు చెప్పాడు" అని కులంబర్ చెయ్యి ఎత్తాడు. వదిన పుస్తకంలోకి ఒకసారి తొంగిచూసి, నాకూ అతనికీ మధ్య వచ్చి నిలబడింది. గొంతులో ఇంకా నవ్వు పోలేదు.

"సెప్పు మరిదీ దొరకి. మా బొటనేలు ఆల్ల కాయితం మీద పడితే అయిదేల్లు రాసిచ్చీసినట్టు. మా కాయితం మీద మేమెట్టుకుంటే రాత కాదేటి?"

చెప్పాను. హిందీలో చెప్పాను. కులంబర్ ఎత్తిన చెయ్యి దించాడు, అతిథి ముందు కదా. దొరకి ఇంగ్లీషులో ఏం చెప్పాడో నాకు తెలియదు. దొర వదిన వైపు చూశాడు. తర్వాత నన్ను ఒకే ఒక ప్రశ్న వేశాడు. ఎడమ భుజం సంగతి నీకెవరు చెప్పారు? ఆ లోపం నావికుడు నాకొక్కడికే చెప్పుకున్నాడు, వాడెందుకు ఓడాడో ఇంకెవరికీ తెలియదు అన్నాడు దొర.

నాకు తెలియదు దొరా, అక్కడ రాసి ఉంది అన్నాను.

దొర టోపీ తీశాడు. పుస్తకం రెండు చేతులా వదినకి ఇచ్చేసి, టోపీ పెట్టుకుని బండెక్కాడు. అక్షరాలు లేవని వదిలేశాడో, భయపడి వదిలేశాడో చెప్పలేను. ఆ రోజు భయపడినవాళ్ళలో నేను మొదటివాణ్ణి, ఆయన రెండోవాడని నా అనుమానం. మిగతావాళ్ళెవరూ భయపడలేదు. నేనే తమాషాకి అల్లి చెప్పి పుస్తకం దక్కించానని వాళ్ళ నమ్మకం. నన్ను భుజాల మీద ఎక్కించుకుని లైన్లన్నీ తిప్పారు. నేను కాదంటుంటే ఇంకా నవ్వారు.

వదిన మాత్రం అలా అనుకోలేదు. పళ్ళెం సంగతి ఆమెకీ పైడయ్యకీ తప్ప ఈ దీవిలో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం ఆమె ఒక సంగతి చెప్పింది. పైడయ్యకి ఓనమాలు కూడా రావని ఆ ముద్రలు చూశాకే తనకీ తెలిసిందట. ఆ మాట తనతో కూడా చెప్పలేదట, రాస్తున్నాడనే అనుకుని ఆమె ఎప్పుడూ పుస్తకం తెరవలేదట. పొయ్యి మీది కుండ అడుగున మసి గోకుతుంటే సిరా చేసుకుంటున్నాడనుకుందట.

"డిపోలో దొర కాయితం సదివినాడు, నాను ఏలెట్టినాను, సదివిందంతా ఆ ఏలి గుర్తులోనే ఉండిపోనాదంట అని ఎప్పుడూ అనీవోడు మరిదీ. అంత బలం నా ఏలికుందని నాకే తెలీదే నాగీ అని నవ్వీవోడు."

అప్పుడర్థమైంది నాకు, ఆ పెదవులు ఎందుకు కదిలేవో. ఆ పోటీ అంతా పేజీకి చెప్పి, చెప్పడం అయ్యాక వేలు పెట్టేవాడు. గిర్మిట్ కాగితం అతనికి నేర్పిన రాత అది. తప్పే నేర్చుకున్నాడని మునుపైతే నేను అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను.

ఆమె ఆ మాట చెబుతూనే పొయ్యిలోంచి నిప్పు తీసి చుట్ట ముట్టించుకుంది.

తర్వాత ఆ పుస్తకం నేను చాలాసార్లు తెరిచాను. పగలు, ఎండలో, నిదానంగా. ముద్రలు తప్ప ఏమీ లేవు. వేలు ఆనించి చూశాను, చెవి ఆనించి కూడా చూశాను, ఎవరూ చూడకుండా. ఏమీ లేదు. గిర్మిట్లు ముగిశాయి, నేనూ వదినా పక్కపక్కనే పొలాలు తీసుకున్నాం. వదిన ఇంకా ఉంది, చుట్టా ఉంది. డైరీ కోసం ఇప్పటికీ ఎవరో ఒకరు సువా నుంచి వస్తారు. "కూకోండి బాబూ, అప్పలసామి సదువుతాడు" అంటుంది. నేను చెరకులోకి పారిపోతాను.

ఆ రోజు నేను అక్షరాలు చూశాను. దయ్యాలు లేవంటాను, అక్షరాలు చూశాననీ అంటాను. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు.

నిన్న ఇదంతా రాసి వదినకి చదివి వినిపించాను. అంతా విని, "సంతకమెట్టీసినావేటి?" అంది. కలం తీశాను. ఎందుకో పెట్టబుద్ధి కాలేదు. సంతకం పెడితే అక్కడ నా పేరొక్కటే ఉంటుంది. వదిన వెళ్ళి కుండ అడుగున మసి గోకి ఆకులో తెచ్చింది. డిపోలో అంతమంది వేస్తుంటే తల ఎగరేసి వెయ్యని పని, ఈ వయసులో చేశాను. ముందు కాగితం మీదికి వంగి ఆ ఆదివారం జరిగిందంతా మెల్లగా చెప్పాను, నవ్వులతో సహా.

కింద ఉన్న ముద్ర నాదే.